మేతయు లాభమును
పాడి వ్యయములో సగమునకు మించిన భాగము మేతకే పోవుచుండగా, రైతు అచ్చటనే పొదుపు చేయ దలంచుట సహజమే. కాని ఆవు తిన్నదానితో మొదట తన దేహమును పోషించుకొని, మిగిలినదానినే పాలుగా మార్చును గనుక, అర్ధాకలి పశువునకు వేసిన మేతలో అధికభాగము వ్యర్థవ్యయమే యగుచున్నది.

మన వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లకు మించవు. నూరు కిలోల గడ్డిపై 4 కిలోల యూరియాను నీట కరిగించి చల్లి, గాలి చొరకుండ 3 వారములు మాగవేసినచో అవి దాదాపు రెట్టింపగును. లేదూడలకు మాత్రము దీనిని పెట్టరాదు.

దాణా లెక్క వేరు. పోషణమునకు పెట్టునది గాక, రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున వేయుట వాడుక. అయినను అదనపు కిలో వలన పెరిగిన పాల వెల, ఆ కిలో వెలను మించునంతవరకే అది లాభకరము. వరి వెనుక పిల్లిపెసరను పచ్చిమేతకై చల్లుకొన్న డెల్టా రైతునకు ఆ దాణా వ్యయము చాలవరకు తగ్గును.