రెండో అప్పగింతలు

పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో ఈ దృశ్యం చూడనివారు అరుదు. దెబ్బలు తిన్న కూతురు బిడ్డను చంకన వేసుకుని తల్లిగారింటికి వస్తుంది. నాలుగు రోజులకు రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చుంటారు. అల్లుడు తల వంచుకుని, "ఇకమీద చెయ్యెత్తను" అంటాడు. కాగితం రాసుకుంటారు. సాయంత్రం బస్సుకు పిల్లను పంపేస్తారు. పెళ్లినాటి అప్పగింతలకు బాజాలుంటాయి; ఈ రెండో అప్పగింతలకు వుండవు. గండం గడిచిందనుకుని అందరూ ఎవరిళ్లకు వారు పోతారు.

నిజంగా గడిచిందా?

ఒక్కొక్కప్పుడు అసలు గండం అప్పుడే మొదలవుతుంది. కొట్టే భర్తను విడిచి స్త్రీ బయటికి వచ్చిన తొలి రోజులే మిక్కిలి ప్రమాదకరమని పలు దేశాల్లో పరిశోధించినవారు గుర్తించారు. తన పట్టు జారిపోతున్నదన్న కసి అటువంటిది. అతడు మునుపెన్నడైనా గొంతు నులిమినా, చంపుతానని బెదిరించినా, "కోపంలో అన్నాడులే" అని కొట్టిపారేయకూడదు. అవి ప్రాణాపాయపు గుర్తులు.

ఇది ఏ నాలుగైదు కొంపల సంగతో కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 18–49 ఏళ్ల మధ్య వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 37 మంది భర్త చేతి హింస ఎరిగినవారే.

మరి పిల్ల క్షేమానికి ఏం కావాలి?

మొదటిది నీడ. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం, యిల్లు ఎవరి పేర వున్నా, కాపురం చేసిన యింట వుండే హక్కు భార్యకున్నది. అవసరమైతే న్యాయస్థానం భర్తనే బయటికి పొమ్మనవచ్చు. కాపురం కరీంనగర్‌లో, తల్లిగారిల్లు మంచిర్యాలలో అయితే, మంచిర్యాలలోనే అర్జీ పెట్టుకోవచ్చు.

రెండవది చేతిలో డబ్బు. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చుట్టి సంసారం లాగే ఆడవాళ్లు ఎందరో. ఆ కూలి ఎవరి ఖాతాలో పడుతున్నది? పాస్‌బుక్కూ, ఆధార్ కార్డూ ఎవరి పెట్టెలో వున్నాయి? తన కష్టార్జితం తన చేతికి రానప్పుడు, బస్సు చార్జీకి కూడా కొట్టినవాణ్నే అడుక్కోవాలి.

మూడవది గట్టి కాగితం. పెద్దమనుషుల కాగితం చెల్లకపోతే అడిగే దిక్కు లేదు. మేజిస్ట్రేటు యిచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దాని నకలు ఆమెకూ, పోలీసు ఠాణాకూ ఉచితంగా యివ్వాలి. అర్జీ రాయడానికి రక్షణాధికారి సాయపడతారు. ఆదిలాబాదు అడవి గూడెం నుంచి పట్నానికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అటువంటి చోట 181కి ఫోను చేసినా దారి చెబుతారు. తాత్కాలిక ఆశ్రయానికి సఖి కేంద్రాలున్నాయి.

నాలుగవదానికి చట్టంతో పని లేదు. పంపినవారు మళ్లీ వెళ్లి చూడాలి. పండుగ దాకా ఆగకుండా, చెప్పాపెట్టకుండా, వారానికొకసారైనా వెళ్లాలి. పక్కింటివారు అరుపు వినగానే తలుపు తట్టాలి. తమ్ముడు రోజూ ఫోను చేసి అక్క గొంతు వినాలి. అన్నిటినీ మించి, బస్సెక్కే కూతురితో "సర్దుకుపో బిడ్డా" అనే తల్లి, ఆ మాట మింగి, "ఏ రాత్రయినా రా, తలుపు తీస్తాను" అనాలి.

ఆ ఒక్క మాట వెంట వుంటే, ఆమె ఒంటరిగా పోవడం లేదని అల్లుడికీ తెలుస్తుంది.