అలీ గొప్పా, టైసన్ గొప్పా? మధ్యలో మన నిఖత్

పద్మారావు నగర్‌లో మా రూమ్‌లో నలుగురం ఉంటాం. నలుగురిలో ఇద్దరికి బాక్సింగ్ పిచ్చి. "ఇరవై ఏళ్ల టైసన్ ముందు అలీ నాలుగు రౌండ్లు కూడా నిలబడడు రా" అని ఒకడు. "ముందు అలీ మొహం మీద ఒక్క దెబ్బ తగలనీ, తర్వాత మాట్లాడు" అని ఇంకొకడు. స్కందగిరి గుడి దగ్గర మొదలైన గొడవ చిలకలగూడ దాకా నడుస్తుంది. తేలదు. సచిన్, కోహ్లీ గొడవ లాగే ఇది కూడా ఎప్పటికీ తేలదని నాకు తెలుసు. కానీ ఎందుకు తేలదు అన్నది మాత్రం చక్కగా వివరించొచ్చు. పైగా దీన్ని తేల్చడానికి ఒకప్పుడు నిజంగానే కంప్యూటర్‌ని కూర్చోబెట్టారు కాబట్టి మన కాలేజీ వాళ్లకి ఆ కథ తెలిసుండాలి.

1967లో అమెరికాలో మర్రీ వొరోనర్ అనే రేడియో ప్రొడ్యూసర్‌కి ఒక ఐడియా వచ్చింది. వేర్వేరు కాలాల హెవీవెయిట్ చాంపియన్లు 16 మందిని తీసుకుని, ఎన్‌సీఆర్ 315 అనే కంప్యూటర్‌లో వాళ్ల మధ్య టోర్నమెంట్ ఆడించాడు. ఒక్కో బాక్సర్ వేగం ఎంత, దెబ్బలో బలం ఎంత, దెబ్బ ఎంత తట్టుకోగలడు, రక్తం కారితే ఎలా ఆడతాడు అని బాక్సింగ్ తెలిసినవాళ్లని అడిగి, ఆ జవాబుల్ని నంబర్లుగా మార్చి మెషీన్‌కి పెట్టారు. మెషీన్ ఇచ్చిన ఫలితాన్ని రేడియోలో లైవ్ కామెంటరీలా చదివారు. ఫైనల్లో రాకీ మార్సియానో జాక్ డెంప్సీని నాకౌట్ చేశాడు. మహమ్మద్ అలీ అయితే క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు.

అలీకి ఒళ్లు మండింది. నిజం రింగ్‌లో అప్పటిదాకా ఒక్కసారి కూడా ఓడని మనిషి ఆయన. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు అదే ఏడాది టైటిల్ లాక్కున్నారు, బాక్సింగ్ లైసెన్సులూ పోయాయి. బతుకుదెరువు లేని టైంలో ఒక మెషీన్ వచ్చి నువ్వు ఓడిపోయావంది. పరువు నష్టం కింద పది లక్షల డాలర్లకి కేసు వేశాడు. చివరికి రాజీ కుదిరింది. ఆ రాజీలో భాగంగా 1969లో అలీ, రిటైరైన మార్సియానో ఇద్దరూ మయామీలో ఒక స్టూడియోలో కలిసి, ఒక్కో నిమిషం చొప్పున డెబ్బై రౌండ్ల దాకా ఉత్తుత్తి ఫైట్ చేశారు. మార్సియానో దానికోసం బాగా బరువు తగ్గి, నెత్తికి విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీసిపెట్టుకున్నారు. కంప్యూటర్ ఏది చెబితే అది కలిపి సినిమా హాళ్లలో వేస్తామన్నారు.

1970 జనవరి 20న సినిమా విడుదలైంది. అమెరికాలో చూసినవాళ్లకి 13వ రౌండ్‌లో మార్సియానో నాకౌట్‌తో గెలిచాడు. యూరప్‌లో వేసిన వెర్షన్‌లో అలీ గెలిచాడు! ఒకే మెషీన్, అవే ఇన్‌పుట్లు. టికెట్ ఎక్కడ తెగుతుందో దాన్ని బట్టి ఔట్‌పుట్ మారిపోయింది. మార్సియానో ఇవేవీ చూడలేదు. విడుదలకి అయిదు నెలల ముందు, 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు.

నన్నడిగితే రెండు ముగింపులు వేయడం కంటే పెద్ద మోసం ఇంకొకటుంది. మనుషుల అభిప్రాయాలే నంబర్లయ్యాయి. ఆ నంబర్లు మెషీన్‌లోంచి బయటికొచ్చేసరికి వాటికి సైన్సు గౌరవం వచ్చేసింది. చెత్త పోస్తే చెత్తే వస్తుందని మొదటి సెమిస్టర్‌లోనే చెబుతారు కదా. ఇప్పటి వీడియో గేముల్లో టైసన్‌కి 97, ఫలానావాడికి 94 అని చూసి వాదించేవాళ్లు చేసేది కూడా ఇదే.

సరే, మెషీన్‌ని పక్కన పెడదాం. మనిషి కళ్లతోనే పోల్చాలంటే మొదటి అడ్డంకి సైజు. మార్సియానో 49 ఫైట్లు ఆడి 49 గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు దాదాపు 84 కిలోలు. ఈ రోజు లెక్కల్లో ఆయన హెవీవెయిటే కాదు. 200 పౌండ్లు, అంటే దాదాపు 91 కిలోల లోపు వాళ్లు క్రూయిజర్‌వెయిట్‌లో ఆడాలి. 6 అడుగుల 9 అంగుళాల టైసన్ ఫ్యూరీ పక్కన ఆయన్ని నిలబెట్టి చూడండి, వాదన అక్కడే ఆగిపోతుంది. అలాగని సైజే సర్వస్వం అనుకోవద్దు. 2024 మేలో ఆ ఫ్యూరీని ఓడించిన ఉసిక్ క్రూయిజర్‌వెయిట్ నుంచి పైకొచ్చినవాడు, ఫ్యూరీ కన్నా అరడుగు పొట్టి. ఫుట్‌వర్క్, ఎదుటివాడికి కుదురు దొరకనివ్వకుండా కోణాలు మార్చడం, ఈ రెండే అతని ఆస్తి.

రెండోది రూల్స్. గ్లౌజులు వేసుకుని, మూడు నిమిషాల రౌండ్లతో మొదటి హెవీవెయిట్ టైటిల్ ఫైట్ 1892లో సలివాన్, కార్బెట్ మధ్య జరిగింది. 21వ రౌండ్‌లో ముగిసింది. 1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విలార్డ్ 45 రౌండ్ల ఫైట్‌కి ఒప్పుకున్నారు, 26వ రౌండ్‌లో జాన్సన్ పడ్డాడు. అలీ కాలానికి 15 రౌండ్లు. 1982లో డుక్ కూ కిమ్ అనే కొరియా బాక్సర్ రింగ్‌లో తిన్న దెబ్బలకి చనిపోయాక 12కి తగ్గించడం మొదలుపెట్టారు. 45 రౌండ్లకి సిద్ధమైనవాడు మొదటి రౌండ్ నుంచే విరుచుకుపడడు, దాచుకుంటాడు. టెస్ట్ ఓపెనర్‌ని టీ20 స్ట్రైక్ రేట్ అడిగినట్టే, పాతవాళ్ల వీడియో చూసి "స్లోగా ఉన్నాడు" అనడం కూడా.

ఆ వీడియోలతో ఇంకో తంటా ఉంది. మూకీ కాలంలో కెమెరాని చేత్తో తిప్పేవారు, సెకనుకి పదహారో పద్దెనిమిదో ఫ్రేములు. దాన్ని 24 ఫ్రేముల స్పీడులో వేస్తే మనుషులు చార్లీ చాప్లిన్ సినిమాలో లాగా టకటకా నడుస్తారు. జాన్సన్ రక్షణ కళ ఎంత సున్నితమో ఆ గెంతులాటలో కనిపించదు. స్పీడు సరిచేసిన కాపీ చూడండి. ఎదుటివాడి చెయ్యి లేవకముందే దాన్ని అరచేత్తో ఎలా నొక్కేస్తాడో అప్పుడు తెలుస్తుంది.

మూడోది, అసలు ఎవరిని ఆడనిచ్చారు అన్నది. జాన్సన్ ఓడాక 1937లో జో లూయిస్ దాకా ఏ నల్లజాతి బాక్సర్‌కీ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశం ఇవ్వలేదు. హ్యారీ విల్స్ ఏళ్ల తరబడి ఎదురుచూశాడు, డెంప్సీతో ఫైట్ జరగలేదు. కాబట్టి డెంప్సీ రికార్డు చూసేటప్పుడు, ఆయన ఎవరిని గెలిచాడో దాంతో పాటు ఎవరితో ఆడలేదో కూడా రాసుకోవాలి. లూయిస్ తర్వాత ఏకంగా 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పాయింట్. ఎ కన్నా బి పెద్ద, బి కన్నా సి పెద్ద అయితే ఎ కన్నా సి పెద్ద అని మనం కళ్లు మూసుకుని రాసేస్తాం. బాక్సింగ్‌లో అది పనిచేయదు. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. అంటే ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. 1974 అక్టోబర్‌లో కిన్షాసాలో అలీ ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్‌ని నాకౌట్ చేశాడు. ఫ్రేజియర్‌ని తర్వాత అలీ రెండుసార్లు గెలిచాడు కదా అంటారేమో, నార్టన్‌ని తీసుకోండి. 1973లో అలీ దవడ విరగ్గొట్టి మరీ గెలిచిన నార్టన్, తర్వాతి ఏడాది ఫోర్‌మన్ ముందు రెండు రౌండ్లే ఉన్నాడు.

కారణం స్టైల్. ఫ్రేజియర్ వంగి, ఊగుతూ, ముందుకి దూసుకొచ్చి ఎడమ హుక్ వేస్తాడు. ముందుకొచ్చేవాడంటే ఫోర్‌మన్‌కి పండగ. రెండు చేతులతో తోసి దూరం చేసి, కింద నుంచి అప్పర్‌కట్ ఇస్తాడు. అలీ ఎదురు వెళ్లలేదు. తాళ్లకి ఆనుకుని, మొహం దాచుకుని, ఫోర్‌మన్ చేతులు అలిసేదాకా కొట్టనిచ్చాడు. ఒక బాక్సర్ నైపుణ్యాన్ని ఒకే నంబర్‌లో పెట్టలేం. ఎదుట ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అది మారుతుంది. స్కేలార్ కాదు, మ్యాట్రిక్స్.

కాలాల మధ్య నిజంగా జరిగిన ఫైట్లు లేవా అంటే ఉన్నాయి. మార్సియానో 1951లో లూయిస్‌ని, హోమ్స్ 1980లో అలీని, టైసన్ 1988లో హోమ్స్‌ని గెలిచారు. ఓడినప్పుడు లూయిస్‌కి 37, అలీకి 38, హోమ్స్‌కి 38. మూడుసార్లూ కొత్త కాలం గెలిచింది అనేకన్నా వయసు ఓడింది అనడం కరెక్టు. ఈ గొలుసు పట్టుకుని వెళితే ఎప్పుడూ తర్వాతివాడే గొప్పవాడవుతాడు.

పాతతరం, కొత్తతరం ఒకే రింగ్‌లోకి దిగి, పాతతరం గెలిచిన ఫైట్ ఒకటి మన ఇంటి పక్కనే ఉంది. హెవీవెయిట్ కాదు, 51 కిలోలు.

మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. 2002, 2005, 2006, 2008, 2010, 2018. 2019లో టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయర్లకి ఆమెని ట్రయల్ లేకుండానే పంపాలన్న ఆలోచన వచ్చింది. రికార్డు చూస్తే ఎవరికైనా సబబే అనిపిస్తుంది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కి అనిపించలేదు. అప్పటికి ఆమెకి 23 ఏళ్లు. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్, 2017లో భుజం గాయంతో చాలాకాలం ఆటకి దూరమై తిరిగొచ్చింది. ట్రయల్ పెట్టమని కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా లెటర్ రాసింది. పెద్దావిడతో పోటీ అడుగుతావా అని తిట్టినవాళ్లు చాలామందే. ఒలింపిక్స్‌లో ఒక బరువులో దేశానికి ఒక్కరే. రికార్డుల్ని కాగితం మీద పోల్చి ఆ ఒక్కరిని తేలుస్తారా, రింగ్‌లో తేలుస్తారా అన్నదే ఆమె ప్రశ్న.

2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ 9-1 తో గెలిచింది. వయసు గొలుసు ఇక్కడ తెగింది. పైగా మేరీ ఎక్కువ పతకాలు 46, 48 కిలోల్లో గెలిచినవి. లండన్ ఒలింపిక్స్‌లో మహిళలకి 51, 60, 75 కిలోలు మాత్రమే పెట్టడంతో బరువు పెరిగి 51కి వచ్చి, 2012లో కాంస్యం తెచ్చింది. అంటే 2019లో కూడా తనది కాని బరువులో, తనకన్నా చాలా చిన్నదాన్ని గెలిచింది. లూయిస్ 37 ఏళ్లకి చేయలేనిది ఆమె చేసింది. నా దృష్టిలో మేరీ నైపుణ్యానికి ఆరు బంగారాల కన్నా ఈ ఒక్క ఫైట్ గట్టి సాక్ష్యం. ఎడమచేతి వాటం, దూరం కొలిచి లోపలికొచ్చి రెండు కొట్టి బయటపడటం, అవసరమైతే పట్టుకుని ఆపేయడం. అనుభవం అనే మాటకి రింగ్‌లో అర్థం అదే.

అయితే కథ అక్కడ ఆగలేదు. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయింది. రెండు ఫైనల్సూ 5-0.

ఈ స్కోర్ల దగ్గర మా రూమ్‌లో ఒకడు బోల్తా పడ్డాడు. "మేరీ 2010 ఫైనల్ 16-6, నిఖత్ ఫైనల్ 5-0, ఎవరిది పెద్ద గెలుపు?" అన్నాడు. అసలు యూనిట్లే వేరు. 16-6 అప్పటి కంప్యూటర్ స్కోరింగ్‌ది, తగిలిన దెబ్బల లెక్క. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రాయ్ జోన్స్ జూనియర్‌ని అన్యాయంగా ఓడించారన్న గొడవ తర్వాత ఆ పద్ధతి వచ్చింది. జడ్జీలు బటన్ నొక్కాలి. అయిదుగురిలో ముగ్గురు ఒక సెకనులోపు నొక్కితేనే పాయింట్. 2013 నుంచి మళ్లీ మారింది. రౌండ్ గెలిచినవాళ్లకి 10, ఓడినవాళ్లకి 9 లేదా తక్కువ. 5-0 అంటే అయిదుగురు జడ్జీలూ ఒకే మాట అన్నారని. మీటర్లనీ కిలోల్నీ పోల్చలేం. పద్ధతి మారితే ఆట కూడా మారుతుంది. బటన్ కాలంలో స్పష్టంగా కనిపించే ఒక్కో దెబ్బకి విలువ. ఇప్పుడు మూడు నిమిషాలూ రింగ్‌ని ఎవరు ఏలారు అన్నది చూస్తారు. లండన్‌లో మహిళలకి రెండు నిమిషాల రౌండ్లు నాలుగు, టోక్యో నాటికి మూడు నిమిషాల రౌండ్లు మూడు.

ఇద్దరూ ఆడిన మూడో మనిషిని పట్టుకుంటే? కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియా దొరుకుతుంది. 2019 ప్రపంచ పోటీల్లో మేరీ ఆమెని 5-0 తో గెలిచింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదే వాలెన్సియా చేతిలో 2-3 తో ఓడింది. 2023 సెమీస్‌లో నిఖత్ వాలెన్సియాని 5-0 తో గెలిచింది. మొదటిది, మూడోది చూస్తే ఇద్దరూ సమానం. రెండోది, మూడోది చూస్తే నిఖత్ పైన. మేరీ వయసు కలిపితే మళ్లీ మొదటికి వస్తాం.

నా ఓటు అడిగారు కాబట్టి చెప్తాను. తమ కాలాన్ని ఎంత ఏలారు అని చూస్తే హెవీవెయిట్‌లో లూయిస్, మన దగ్గర మేరీ. ఇద్దర్నీ ఉన్నపళంగా ఈ రోజు రింగ్‌లోకి దింపితే ఉసిక్, నిఖత్. మొదటి లిస్టు గురించి నాకు గట్టి నమ్మకం ఉంది, రెండోదాని గురించి అంత లేదు. పతకాలతో మాత్రం తేల్చకండి. 2024 పారిస్‌లో నిఖత్‌కి సీడింగ్ లేదు. రెండో ఫైట్‌కే టాప్ సీడ్, చైనాకి చెందిన వు యు తగిలింది. 5-0 తో ఓడి ప్రీ క్వార్టర్స్‌లోనే ఇంటికొచ్చింది. అదే వు యు చివరిదాకా వెళ్లి బంగారం తీసుకుంది. ఫైనల్లో ఆమె చేతిలో ఓడి వెండి తీసుకున్నది టర్కీ అమ్మాయి చకిరోగ్లు. 2022లో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో నిఖత్ ఓడించింది ఆ చకిరోగ్లునే.