సంఘపు ఈమెయిలు ఉత్తరములకు పరపతి

పరపతి యను మాట మన సభ్యులకు క్రొత్తది కాదు. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘమని మన సంఘముల పేరులోనే ఆ మాట కలదు. తీసికొన్న అప్పును గడువునకు తీర్చిన రైతునకు మరుసటి యేడు అప్పు సులభముగా దొరకును, ఎగవేసినవానికి దుర్లభము. ఈమెయిలు ద్వారా ఒక్కమారుగా వేలమందికి ఉత్తరములు పంపు సంఘమునకును ఇట్టి పరపతియే కావలయును. అది లేని సంఘపు ఉత్తరము చేరవలసినవారి కంటబడదు.

మన సంఘములకు ఈ ఉత్తరములతో పనియేమని కొందరు అడుగవచ్చును. కరీంనగరపు వరివిత్తనము, జగిత్యాల పసుపు, ఆదిలాబాదు ప్రత్తి దూరప్రాంతముల వర్తకుల చేతికి పోవుచున్నవి. మన గ్రామములనుండి గల్ఫు దేశములకు పోయి, ఇంటి సేద్యమునకు పెట్టుబడి పంపువారును అనేకులు కలరు. వీరందఱికిని ధరలు, సమావేశపు నోటీసులు తెలుపుటకు ఈమెయిలు మిక్కిలి చౌకయైన సాధనము.

ఆ చౌకయే చిక్కునకు మూలము. 1978వ సంవత్సరమున అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి, కోరని సుమారు 400 మందికి ఒకే వ్యాపారప్రకటనను పంపెను. తరువాతి కాలమున అట్టి ఉత్తరములు వెల్లువగా పెరిగినవి. అందుచే జీమెయిల్, యాహూ మొదలగు సంస్థలు తమ వాకిట కావలి నుంచినవి. కావలి అనుమానించిన ఉత్తరము స్పామ్ అను చెత్తగంపలో పడును. పంపినవారికి ఆ సంగతి తరచుగా తెలియనే తెలియదు.

ఇందలి నష్టము స్వల్పము కాదు. ప్రత్తిలో తేమ 8 శాతమునకు మించకున్నచో సి.సి.ఐ. వారు పూర్తి మద్దతు ధర నిత్తురు. 12 శాతము వరకు ధర తగ్గించి కొందురు. అంతకు మించినచో కొనరు. “ఫలానా దినమున కొనుగోలు మొదలగును, ప్రత్తిని ఆరబెట్టి తెండు” అను నోటీసు చెత్తగంపలో పడినచో, రైతు తడిప్రత్తితో యార్డునకు పోయి, కిరాయి నష్టపడి తిరిగి రావలసినదే. అంతకు మునుపు అక్కఱలేని ప్రకటనలతో సంఘము సభ్యులను విసిగించి యుండినచో, ఆ నష్టమునకు సంఘమే కారణము.

మూడు ముద్రలు

మొదటిది ఎస్.పి.ఎఫ్. సంఘము పేర ఏ యే యంత్రములు ఉత్తరములు పంపవచ్చునో తెలుపు బహిరంగ పట్టిక యిది. రెండవది డి.కె.ఐ.ఎం. ఇది లక్కముద్ర వంటిది. దారిలో ఉత్తరమును మార్చినచో ముద్ర చెడును. మూడవది డిమార్క్. ఈ రెండు పరీక్షలలో ఒకదానియందైనను నెగ్గని ఉత్తరమును ఏమి చేయవలయునో సంఘము ముందుగా ప్రకటించు ఉత్తరువు ఇది. జీమెయిల్ ఖాతాలకు దినమునకు 5,000 ఉత్తరములకు మించి పంపువారికి ఈ మూడును ఉండవలయునని 2024 ఫిబ్రవరి నుండి గూగుల్ నియమము. యాహూ సంస్థయు అట్టి నియమములనే పెట్టినది. తక్కువ పంపువారికిని మొదటి రెండింటిలో ఒకటి తప్పదు.

అయితే ముద్ర పంపినవారెవరో చెప్పును గాని, పంపినది మంచిదని చెప్పదు. సంచిపై పేరు సరిగానే యున్నను మొలక రాకున్నచో మరుసటి యేడు ఆ విత్తనమును ఎవరు కొందురు?

పరపతి పెంచు విధము

ఒకటి: కోరినవారికే పంపవలయును. సభ్యత్వ దరఖాస్తులోనే సమ్మతి అడిగి వ్రాయించుకొనుట మేలు. అంగడిలో అమ్ము చిరునామాల పట్టికలను కొనరాదు. వానిలో కోరని ఉత్తరములు పంపువారిని పట్టుటకే పెట్టిన ఉచ్చు చిరునామాలు కూడ ఉండును.

రెండు: కొద్దికొద్దిగా మొదలిడవలయును. క్రొత్త పేరుతో తొలిదినముననే వేలకొలది పంపినచో కావలికి అనుమానము కలుగును. మొదట శ్రద్ధగా చదువు కొలదిమందికి పంపి, వారములు గడచినకొలది సంఖ్యను పెంచవలయును.

మూడు: తిరిగివచ్చిన చిరునామాలను వెంటనే కొట్టివేయవలయును.

నాలుగు: వలదన్నవారిని ఆపరాదు. పెద్దమొత్తమున పంపువారి ప్రకటనలలో ఒక్క నొక్కుతో మానుకొను వీలుండవలయుననియు, ఆ కోరికను రెండు దినములలో తీర్చవలయుననియు నియమము. దారి దొరకనివాడు “ఇది స్పామ్” అని ఫిర్యాదు చేయును. గూగుల్ వారు ఫిర్యాదులు వేయింటికి 3 చేరరాదనియు, 1కి లోబడి యుండుట మేలనియు చెప్పుచున్నారు. అనగా 2,000 ఉత్తరములు పంపు సంఘమునకు ఆరుగురి కోపము చాలును.

ఐదు: కొనుగోలు నోటీసులను, అమ్మకపు ప్రకటనలను వేర్వేరు చిరునామాలనుండి పంపవలయును. ప్రకటనల అపకీర్తి నోటీసుల నంటుట అందుచే తగ్గును.

ఫోనునకు వచ్చు పొట్టి సందేశములకును ఇట్టి కట్టుబాటే కలదు. ట్రాయ్ వారి 2018 నాటి నిబంధనల ప్రకారము వ్యాపార సందేశములు పంపువారు తమ పేరును ముందుగా నమోదు చేసికొనవలయును. కోరని సందేశములపై 1909కు ఫిర్యాదు చేయవచ్చును.

ఇక మన యెదుటనే యున్న నిదర్శనము నొకదానిని చూడుడు. ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో శ్రీ ఎ. కె. విశ్వనాథరెడ్డిగారి పూనికతో వెలసెను. అప్పు డా గ్రామము కరీంనగరము జిల్లాలోనిది, ఇప్పుడు హనుమకొండ జిల్లాలోనిది. అప్పులిచ్చుటతో నిలువక, సభ్యులు పండించిన వరివిత్తనమును అమ్మిపెట్టుచు అది దేశమున పేరు పొందెను. ఆ పేరు ఒక ప్రకటనతో వచ్చినది కాదు. ఏటేట మాట నిలుపుకొనుటచే వచ్చినది.

కావున కార్యదర్శులు ప్రతి ఉత్తరమును పంపుటకు ముందు, దీనిని అందుకొను రైతు దీనికై ఎదురుచూచుచున్నాడా యని యోచింపవలయును. సభ్యులును తమకు అక్కఱలేని ఉత్తరములు వచ్చినచో సంఘమునకు తెలుపవలయును. ఉత్తరముల పరపతియు సంఘపు మూలధనమే; దానిని వ్యర్థపుచ్చు హక్కు ఎవరికిని లేదు.