కారు అద్దం మీద ఎండ లెక్క

ఏప్రిల్ మధ్యాహ్నం మర్పల్లి నుంచి వికారాబాద్ మీదుగా తాండూరు వెళ్లేవాళ్లకు ఎండ ఆకాశం నుంచి మాత్రమే రాదు. తాండూరు దగ్గరపడే కొద్దీ పేర్చిన నాపరాతి బండల మీద పడి, తిరిగి కళ్లలో కొడుతుంది. ఏసీ గట్టిగా తిరుగుతున్నా, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల భుజం చురుక్కుమంటూనే ఉంటుంది. వేసవి రాగానే కారు డెకార్ షాపుల్లో సన్ ఫిలిం బేరాలు ఊపందుకునేది ఇందుకే.

ఆ షాపుల్లో చాలాచోట్ల ముందు చూపించేది ఒక బల్బు. ఎర్రగా మండే బల్బు, దాని ముందు ఫిలిం అంటించిన గాజుముక్క, ఇవతల కొనేవారి అరచెయ్యి. చేతికి వేడి తగలదు. ‘97 శాతం ఆపేస్తుంది సార్’ అంటారు. చేత్తో చూసింది కాబట్టి ఎవరైనా నమ్ముతారు. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ అది బల్బు లెక్క, ఎండ లెక్క కాదు.

నేలకు చేరే ఎండను వంద పాళ్లుగా తీసుకుంటే, సుమారు 53 పాళ్లు కంటికి కనబడని పరారుణ కిరణాలు, 44 పాళ్లు మామూలు వెలుతురు, మిగిలిన కాస్త అతినీలలోహిత కిరణాలు. కనబడే వెలుతురు కూడా సీటు మీదా డాష్‌బోర్డు మీదా పడ్డాక వేడిగానే మారుతుంది. ఎర్ర బల్బు మాత్రం దాదాపు అంతా పరారుణమే వెదజల్లుతుంది కాబట్టి, దాని ముందు పరారుణాన్ని ఆపే ఫిలిం మహాద్భుతంగా కనబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండలోని పరారుణం 780 నుంచి 2500 నానోమీటర్ల దాకా పరుచుకుని ఉంటే, ఐఆర్ఆర్ (పరారుణాన్ని ఆపే శాతం) అని రాసే ఆ 97ను చాలాసార్లు 900 నుంచి 1000 నానోమీటర్ల చిన్న ముక్కలోనే కొలుస్తారు. ఫిలిం బాగా పనిచేసే చోటే కొలిస్తే మార్కులు బాగానే వస్తాయి మరి.

కొనేవాళ్లు అడగాల్సింది టీఎస్ఈఆర్. మొత్తం ఎండ శక్తిలో ఎంత భాగం కారు లోపలికి రాకుండా ఆగిందో చెప్పే అంకె అది. ఫిలిం కొంత ఎండను తిప్పికొడుతుంది, కొంత పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడితో అద్దమే కాగుతుంది. ఆ వేడిలో కొంత బయటి గాలికి పోతుంది, కొంత లోపలికే దిగుతుంది. టీఎస్ఈఆర్ ఈ లోపలికి దిగే వేడిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది, బల్బు పరీక్ష తీసుకోదు. చౌకరకం రంగు ఫిలిం ఎంత నల్లగా ఉన్నా ప్రధానంగా పీల్చుకునే రకమే. బండి పరుగెడుతుంటే గాలి అద్దాన్ని చల్లబరుస్తుంది. రైలు గేటు దగ్గర ఆగితే ఆ సాయం ఉండదు. లోహపు పూత ఉన్న ఫిలిం ఎండను బాగా తిప్పికొడుతుంది గానీ, ఫోన్, జీపీఎస్ సిగ్నళ్లకు అడ్డు రావచ్చు. సిరామిక్ రకాలకు ఆ బాధ లేదు, ధరే ఎక్కువ.

షాపులోనే వేసుకోదగ్గ లెక్క ఒకటుంది. వెలుతురును ఎంత శాతం లోపలికి రానిస్తుందో చెప్పే అంకె వీఎల్టీ. అది 70 ఉంటే, 44 పాళ్ల వెలుతురులో దాదాపు 31 పాళ్లు ఎలాగూ లోపలికి వచ్చేస్తాయి. పరారుణాన్నంతా ఆపేసినా ఇక ఆగేది 69 పాళ్లే. కాబట్టి 70 వీఎల్టీ ఫిలిం ‘మొత్తం వేడిలో 90 శాతం ఆపుతుంది’ అంటే నమ్మనక్కర్లేదు. ఆ తరగతి మంచి సిరామిక్ ఫిలింలకు టీఎస్ఈఆర్ 50కి అటూఇటూగా ఉంటుంది. నిజాయితీ గల అంకె అదే, చిన్నదీ కాదు.

చట్టం కూడా ఇక్కడే పట్టుకుంటుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును రానివ్వాలి. అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న, శాతంతో పని లేకుండా, అద్దాల మీద ఫిలిం అంటించడాన్నే నిషేధించింది. తర్వాత నిబంధన సవరణ జరిగి 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో, 70, 50 హద్దులకు లోబడిన ఫిలింకు జరిమానా వేయకూడదంది. ఆ తీర్పు తెలంగాణ పోలీసులను నేరుగా కట్టడి చేయదు. 2022లో హైదరాబాద్‌లో సినీ ప్రముఖుల కార్ల మీది ఫిలింలను కూడా పోలీసులు పీకేశారు. కాబట్టి ఈ విషయంలో షాపువాళ్ల భరోసా ఒక్కటే చాలదు.

హద్దులో ఉన్నామనుకున్నవాళ్లు చాలామంది దెబ్బతినేది గుణకారం దగ్గర. నిబంధన అడిగేది ఫిలిం శాతం కాదు, అద్దమూ ఫిలిమూ కలిసిన శాతం. కారు అద్దం తనంతట తానే 78 శాతం వెలుతురు రానిస్తుందనుకుందాం. దాని మీద 70 ఫిలిం వేస్తే మిగిలేది 55 శాతమే. పక్క అద్దానికి అది సరిపోతుంది, ముందు అద్దానికి చాలదు. ముందు అద్దం 70 దాటాలంటే ఫిలిం 90 ఉండాలి. అంటించాక మీటరుతో కొలిచి చూపించమని అడగడం కొనేవారి హక్కు.

ఇక ఆగి ఉన్న కారు సంగతి. ఫిలిం ఎంత ఖరీదైనదైనా వేడి ఎక్కడాన్ని నెమ్మదింపజేస్తుందే గాని ఆపలేదు. అక్కడ నీడదే పైచేయి. వికారాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో చేవెళ్ల మర్రిచెట్లు ఎండను అద్దం దాకా రానివ్వకుండానే ఆపుతాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, బయట 22 డిగ్రీలే ఉన్న రోజున కూడా మూసిన కారు గంటలో సగటున మరో 22 డిగ్రీలు వేడెక్కింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగింది. కిటికీ అద్దాలు కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. సంతలో రెండు నిమిషాల పనికని పిల్లల్ని, ముసలివాళ్లను కారులో కూర్చోబెట్టి వెళ్లకూడదు, అద్దాలకు ఏ ఫిలిం ఉన్నా సరే.