ఆట నియమాలు, ఆటగాడి వృత్తికాలం: ఒక ప్లేస్‌కిక్కర్, ఒక ఫార్వర్డ్

ఒక ఆటగాడు ఎన్నేళ్లు ఆడగలడు? ఈ ప్రశ్నకు మనం సాధారణంగా ప్రతిభ, దేహదారుఢ్యం, అదృష్టం అని సమాధానం చెబుతాం. ఆట నియమాలు కూడా ఆ కాలాన్ని నిర్ణయిస్తాయన్న సంగతి అంతగా పట్టించుకోం. ఇద్దరు ఆటగాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే అది మీకు తేలికగా బోధపడుతుంది. ఒకరు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్లేస్‌కిక్కర్‌గా ఆడిన ఆడమ్ వినతియేరి. మరొకరు సికింద్రాబాద్ అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం.

ప్లేస్‌కిక్కర్ చేసే పని

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేతులతో మోస్తూ, విసురుతూ ఎదుటి జట్టు హద్దులోకి చేర్చడం అందులో ప్రధానం. జట్టు ఇక ముందుకు సాగలేని స్థితిలో ప్లేస్‌కిక్కర్‌ను మైదానంలోకి పంపుతారు. ఒక ఆటగాడు వంగి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి విసురుతాడు. మరొకడు మోకాలిపై కూర్చుని దాన్ని పట్టి నేలపై నిలబెడతాడు. కిక్కర్ తన్నుతాడు. ఇదంతా దాదాపు ఒకటిన్నర సెకనులోపు జరిగిపోవాలి. లేకపోతే ఎదుటివాళ్లు మీద పడతారు. బంతి రెండు స్తంభాల మధ్యగా, అడ్డకర్ర పైనుంచి వెళితే 3 పాయింట్లు వస్తాయి.

మీరు ధారూర్ పరిసరాల్లో ఉంటే, దగ్గరలోని బడి మైదానంలో దీన్ని కొలిచి చూడవచ్చు. 5.6 మీటర్ల ఎడంతో రెండు కర్రలు పాతండి. నేలకు 3 మీటర్ల ఎత్తున తాడు కట్టండి. పురుషుల వాలీబాల్ నెట్ కంటే అది అరమీటరుకు పైగా ఎత్తు. అక్కడి నుంచి 44 మీటర్లు, అంటే రెండు క్రికెట్ పిచ్‌ల కంటే కాస్త ఎక్కువ, వెనక్కి నడిచి తిరిగి చూడండి. 2002 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్‌లో చివరి క్షణాన వినతియేరి తన్నింది అంత దూరం నుంచే. ఆ తన్నుతో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ 20–17తో గెలిచింది.

ఆయన్ని డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు. ఐరోపాలో ఆమ్‌స్టర్‌డామ్ జట్టుకు ఆడి, 1996లో పేట్రియాట్స్‌లో చేరారు. 2019 వరకు, అంటే 24 సీజన్లు ఆడారు. మొత్తం 2,673 పాయింట్లు చేశారు. చివరి ఆట నాటికి వయసు 46. ఆ వయసులో పరుగు మీద ఆధారపడే ఆటగాళ్లు మిగలడం చాలా అరుదు.

ఇది ఎలా సాధ్యమైంది? ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకునే స్వేచ్ఛను ఆ లీగ్ 1950లో స్థిరపరిచింది. దానితో ఒకే పని చేసేవాడికి చోటు దొరికింది. కిక్కర్ ఆటలో ఎక్కువసేపు పక్కనే కూర్చుంటాడు. దేహం అంతగా అరగదు. అయితే దీన్ని సుఖమైన ఉద్యోగం అనుకోకండి. జట్టుకు సాధారణంగా ఒక్కడే కిక్కర్. వరసగా రెండు మూడు తన్నులు గురి తప్పితే వారం తిరిగేలోపు వేరొకరు ఆ చోటికి రావచ్చు.

హంగరీ నుంచి రెండు దారులు

మనం ఆడే ఫుట్‌బాల్ నుంచే ఈ వృత్తికి ఒక కొత్త పద్ధతి వచ్చింది. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ నుంచి కుటుంబంతో పారిపోయిన పీట్ గోగొలాక్ అనే కుర్రాడు అమెరికా చేరాడు. అక్కడివాళ్లు అప్పటిదాకా ఎదురుగా పరుగెత్తి బూటు కొనతో తన్నేవారు. అతడు పక్కవాటుగా వచ్చి పాదం పైభాగంతో తన్నాడు. 1964లో బఫెలో బిల్స్‌కు ఆడాడు. నేడు కిక్కర్లందరిదీ అదే పద్ధతి.

అదే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నుంచి హంగరీ ఫుట్‌బాల్ జట్టు తప్పుకోవడంతో భారత్ ఆడకుండానే తర్వాతి రౌండుకు చేరింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన ఆ జట్టులో బలరాం ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ నిజంగానే ఎదురైంది. భారత్ 1–2తో ఓడింది. మన ఒక్క గోలూ బలరాందే. పెరూతో 1–3తో ఓడిన ఆటలోనూ ఆయనే గోల్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు.

మరుసటి ఏడాదే ఆయన ఆట ముగిసింది. ఊపిరితిత్తుల పైపొర వాచే ప్లూరసీ వ్యాధి కారణం. అప్పటికి ఆయనకు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. ఇక్కడ నియమాన్ని గమనించండి. ఆ ఒలింపిక్స్‌లో మధ్యలో ఆటగాణ్ని మార్చే వీలు లేదు. ప్రపంచ కప్‌లోనే ఆ వీలు 1970లో గాని రాలేదు. బరిలోకి దిగిన ఫార్వర్డ్ 90 నిమిషాలూ పరుగెత్తాల్సిందే. పాదంలో ఎంత నైపుణ్యం మిగిలి ఉన్నా, ఊపిరి సహకరించని మనిషికి ఆ ఆటలో చోటు లేదు. వినతియేరికి దొరికినట్లు కేవలం తన్నడానికే ఒక కొలువు బలరాంకు ఉంటే మరో పదేళ్లు ఆడేవారేమో. ఇది ఊహే, కానీ నియమానికి ఎంత బలముందో ఈ ఊహ చూపుతుంది. బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించారు.

అభ్యాసం: మీ ఊళ్లో కబడ్డీ గాని వాలీబాల్ గాని ఆడి మానేసిన ఇద్దరితో మాట్లాడండి. ఏ వయసులో, ఎందుకు మానేశారో అడిగి రాసుకోండి. ఆ కారణాల్లో దేహానికి సంబంధించినవి ఏవి, నియమాలకు సంబంధించినవి ఏవి, బతుకుతెరువుకు సంబంధించినవి ఏవి? 15 పంక్తుల్లో వివరించండి.