హిట్ సింగిలా, మంచి ఆల్బమా: బ్యాండ్‌ని నిలబెట్టేది ఏది?

'ఊరెళ్ళిపోతా మామ' పాట మీలో చాలామంది వినే ఉంటారు. ఏ బ్యాండ్‌దో చెప్పమంటే మాత్రం కొందరు ఆగిపోతారు. అది హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా పాట. ఈరోజు మన ప్రశ్న కూడా ఇదే: బ్యాండ్‌కి పేరు తెచ్చేది ఒక్క హిట్ సింగిలా, మొత్తం ఆల్బమా?

ముందు రాక్ పెద్దల్ని చూద్దాం. లెడ్ జెప్పెలిన్ వాళ్ళ 'స్టెయిర్‌వే టు హెవెన్' 1971లో వచ్చింది. దాదాపు 8 నిమిషాల పాట. అప్పట్లో దాన్ని సింగిల్‌గా అమ్మలేదు. రేడియోలో విని నచ్చినవాళ్ళు ఆల్బమ్ కొనాల్సిందే. కొన్నాక మిగతా 7 పాటలూ వినేవాళ్ళు. అలా పాట అభిమాని కాస్తా బ్యాండ్ అభిమాని అయ్యాడు.

పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973లో వచ్చింది. సుమారు 43 నిమిషాలు. వికారాబాద్‌లో రైలెక్కి పెట్టుకుంటే తాండూరు వచ్చేసరికి ఇంచుమించు అయిపోతుంది. 1988 లోపు అది అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌లో మొత్తం 741 వారాలు ఉంది. అంటే 14 ఏళ్ళ పైమాటే!

మరి సింగిల్ వేస్టా? కాదు. తాండూరు బండలు కొనేటప్పుడు ముందు శాంపిల్ చూస్తాం కదా. లోడ్ అంతా అలాగే ఉంటేనే ఇంకొకరికి ఆ షాపు పేరు చెప్తాం. సింగిల్ శాంపిల్, ఆల్బమ్ లోడ్.

ఇప్పుడు మన దగ్గరికి రండి. చౌరస్తా పాటలు యూట్యూబ్‌లో ఒక్కొక్కటిగా జనంలోకి వెళ్ళాయి. 2020లో వాళ్ళ కరోనా పాట ఫోన్ ఫోన్‌కీ చేరింది. ఆ గొంతు రామ్ మిరియాలది. 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌తో ఆయన ఇంటింటికీ తెలిశారు. నాకు అర్థమైంది ఏంటంటే, సింగిల్ హిట్టయితే సినిమాకి కావాల్సింది గొంతు. డ్రమ్స్ కొట్టేవాడి పేరు ఎవరూ అడగరు.

అందుకే వికారాబాద్‌లోనో తాండూరులోనో నలుగురు కలిసి బ్యాండ్ పెట్టాలనుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇది మీకోసమే. ఒక రీల్ పేలింది, కాలేజ్ ఫెస్ట్‌కి పిలిచారు అనుకోండి. స్టేజ్ మీద గంట సేపు ఉండాలి. సొంత పాట ఒక్కటే, మిగతావన్నీ సినిమా పాటలు. జనం ఇంటికెళ్ళాక ఎవరి పేరు గుర్తుంటుంది?

ఒక్కో పాటే రిలీజ్ చేయండి, తప్పు లేదు. కానీ మొదటిది వదిలే ముందే ఇంకో ఐదారు రెడీగా పెట్టుకోండి. ఒక పాట నచ్చి మీ ఛానెల్‌కి వచ్చినవాడికి రెండోది దొరకాలి, మూడోది దొరకాలి. అప్పుడే వాడికి మీ బ్యాండ్ పేరు నోటికొస్తుంది.

మీ ప్లేలిస్ట్‌లో ఒకే బ్యాండ్‌వి ఐదు పాటలు ఉన్నాయా? ఒకసారి చూసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!