గుంపులో ఉన్నాడనుకొని

వేసవి వచ్చిందంటే సేవకుని ఇంట సెలవులు ఉండవని తోటి సేవకులందరికీ తెలిసిన సంగతే. పరీక్షలు ముగియగానే వి.బి.ఎస్. పనులు మొదలవుతాయి. పాటలు నేర్పాలి, టీచర్లకు తర్ఫీదు ఇవ్వాలి, పిల్లల మజ్జిగకు, బిస్కెట్లకు ఎవరిని అడగాలో చూసుకోవాలి. అది ముగిసీ ముగియక ముందే ఉజ్జీవ కూడికలు, పెండ్లిళ్ళు. ఏటా ఇదే వరస. గత ఏప్రిల్‌లో ఒక రాత్రి భోజనముల దగ్గర మా ఇల్లాలు నెమ్మదిగా ఒక మాట అన్నది.

"ఏవండీ, ఊళ్ళో రెండువందల మంది పిల్లల చేత అట్టముక్కలతో నోవహు ఓడ కట్టించారు. మన పిల్లలను ఎన్నడైనా పడవ ఎక్కించారా?"

మేము నవ్వి ఊరుకొనేవారమే. అయితే తొమ్మిదేళ్ళ మా అబ్బాయి కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకొని మా ముఖము వైపు చూస్తూ ఉండిపోయాడు. పదవ తరగతి పరీక్షలు వ్రాసిన మా అమ్మాయి మాత్రం తలయెత్తలేదు. జవాబు తనకు ముందే తెలిసినట్టు అన్నము తింటూనే ఉన్నది. ఆ తలయెత్తకపోవడమే మాకు ఎక్కువగా తగిలింది.

ఆ రాత్రే లెక్క వేసుకున్నాము. చీటీ పాడగా వచ్చిన డబ్బు కొంత ఉన్నది. మే నెలలో పది రోజులు. మొదట గోదావరి మీద పాపికొండల ప్రయాణము, తరువాత ఏజెన్సీలో ఒక సేవకమిత్రుని మామిడితోటలో మూడు రాత్రులు డేరా వేసుకొని ఉండుట, చివరగా ఒక లంకగ్రామములో కోత పండుగ. ఆ పండుగకు మేము వాక్యము చెప్పుటకు ఎలాగూ వెళ్ళవలసి ఉన్నది గనుక దానినీ కలిపాము. సేవకులకు సెలవు ఇలాగే వస్తుంది, కొంత పని అంటించుకొని.

"అయ్యగారు విహారయాత్రకు వెళ్తున్నారట" అని సంఘములో ఒక మాట వినబడింది. దానికి మేము నొచ్చుకోలేదు. మార్కు సువార్త 6వ అధ్యాయములో, తినుటకు కూడ తీరిక లేని శిష్యులను ప్రభువు తానే పిలిచి, జనములకు దూరముగా వెళ్ళి కొంచెము అలసట తీర్చుకొమ్మని దోనె ఎక్కించాడు. ఆ దోనెకు టికెట్టు ఎవరు కొన్నారని ఎవరూ అడిగినట్టు లేదు.

రాజమండ్రి దిగిన తరువాత మొదట ధవళేశ్వరము వెళ్ళాము. పిల్లలు పుస్తకములో చదువుకున్న కాటన్ దొరగారి ఆనకట్ట చూడాలన్నారు. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించారు. 1832-33 నందన కరువులో ఈ సీమ ఎంత నలిగిపోయిందో మన పెద్దల నోట తరతరాలుగా విన్నదే. ఇప్పుడు మనకు కనబడేది ఆ పాత ఆనకట్ట స్థానములో తరువాత కట్టిన బ్యారేజి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు భాగములు, మొత్తము 175 గేట్లు. మా అబ్బాయి లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర తప్పిపోయాడు.

కాటన్ మ్యూజియము చూసి వచ్చి చెట్టు క్రింద కూర్చున్నప్పుడు పిల్లలకు ఇంకొక సంగతి చెప్పాము. 1836లో ఇంగ్లాండు నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు యౌవనస్థులు భార్యలతో కలిసి వచ్చి నరసాపురము ప్రాంతములో సువార్త పని మొదలుపెట్టారు. ఆనకట్ట కట్టే రోజులలో ఇక్కడ చేరిన వేలాది కూలీల మధ్య కూడ వారు వాక్యము చెప్పారు. తరువాత కాలువలు వచ్చాయి. రోడ్లు లేని ఆ కాలములో సేవకులు ఆ కాలువల మీదనే పడవలలో ఊరూరా తిరిగారు. వండుకొనుట పడవలోనే, పండుకొనుట పడవలోనే. "అయితే వాళ్ళ పిల్లలు కూడా పడవలోనే ఉండేవారా?" అని మా అబ్బాయి అడిగాడు. ఎంత చరిత్ర చెప్పినా పిల్లవానికి కావలసినది అదొక్కటే.

మరునాడు గండిపోచమ్మ రేవులో పడవ ఎక్కాము. ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పక తప్పదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, నది వరదతో ఉన్నప్పుడు, డెబ్బైమందికి పైగా ఎక్కిన పర్యాటకుల పడవ మునిగి యాభైమంది వరకు చనిపోయారు. తరువాత కొంతకాలము పడవలు ఆపివేశారు, రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, పేర్లు వ్రాసుకొనిగాని ఎక్కనివ్వడం లేదు. లైఫ్ జాకెట్టు తప్పనిసరి. అయినా పడవ కదలిన పావుగంటకే ఉక్కపోతకు చాలామంది జాకెట్లు విప్పి ఒడిలో పెట్టుకున్నారు. విశ్వాసము ఉన్నది గదా, జాకెట్టు ఎందుకు అనే సోదరులు మనలో కూడ ఉన్నారు. అపవాది దేవాలయ శిఖరము మీద ప్రభువును అడిగినది సరిగ్గా అటువంటి పనే. దయచేసి మీ పిల్లలకు జాకెట్టు తొడిగి, బకిల్సు మీ చేతులతో మీరే పెట్టండి.

మా అబ్బాయికి ఇచ్చినది పెద్దవాళ్ళ జాకెట్టు. మోకాళ్ళ దాకా వచ్చింది. వేరొకటి అడిగి తెచ్చి తొడుగుతుండగా, "నాన్నా, పడవ మునిగితే నన్ను మీరు పట్టుకుంటారా, అమ్మ పట్టుకుంటుందా?" అన్నాడు. "ఇద్దరము పట్టుకుంటాము" అన్నాము. జవాబు చెప్పడము సేవకులకు కష్టము కాదు.

కొంతదూరము పోయాక రెండు ఒడ్లా జనము లేని ఊళ్ళు కనబడ్డాయి. పోలవరము ప్రాజెక్టు ముంపులో ఖాళీ చేసిన ఊళ్ళు అవి. కప్పులు లేని గోడలు, నీటిలో నిలిచి ఎండిన కొబ్బరిచెట్లు. పడవలో మా ప్రక్కన కూర్చున్న ఒక పెద్దావిడ వేలు చూపించి, "అదిగో, ఆ చింతచెట్టు వెనకదే మా ఇల్లు" అన్నది. ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నదట. మనుమలకు ఊరు చూపించాలని టికెట్టు కొనుక్కొని వచ్చింది. తన సొంత ఊరికి టికెట్టు! మైకులో సినిమా పాట వస్తున్నది, యౌవనస్థులు డాన్సు చేస్తున్నారు, ఆమె మాత్రము చెట్టు కనుమరుగయ్యేదాకా కొంగు నోటికి అడ్డము పెట్టుకొని చూస్తూనే ఉన్నది. మా అమ్మాయి వెళ్ళి ఆమె ప్రక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నది. మేము చెప్పలేదు. తనంతట తానే వెళ్ళింది.

పేరంటాలపల్లి దగ్గర పడవ ఆగినప్పుడు మిగతావారు ఆలయమునకు వెళ్ళారు. మేము వాగు ప్రక్కన రాళ్ళ మీద కూర్చుని పులిహోర పొట్లములు విప్పాము. కొండరెడ్లు వెదురుతో చేసిన బుట్టలు, కప్పులు అమ్ముతున్నారు. మా ఇల్లాలు కానుకల కొరకు ఒక వెదురుబుట్ట కొన్నది. ఇక పాపికొండలు. నది ఇరుకై, కొండలు దగ్గరకు వచ్చి, మాట్లాడేవారు కూడ మాటలు మానేశారు. ఆ కొండల గురించి వ్రాయడము మా వల్ల కాదు. వెళ్ళి చూడవలసినదే.

రంపచోడవరము దాటి మారేడుమిల్లి పోయే దారిలో ఉన్నది మా మిత్రుని మామిడితోట. లేవీయకాండము 23వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఏడు దినములు పర్ణశాలలలో నివసించాలని ఉన్నది గదా, మనము మూడు దినములు ఉందామని పిల్లలకు చెప్పి ఊరించాము. రెండు చెట్ల మధ్య మోకు కట్టి టార్పాలిన్ వేశాము. ప్రక్కలకు తాటాకులు. మొదటి రాత్రే ఈదురుగాలి వచ్చి టార్పాలిన్ లేచిపోయింది. దానితో పాటు అయ్యగారి దర్జా కూడ లేచిపోయింది. లుంగీ ఎగగట్టి చీకటిలో దాని వెనుక పరుగెత్తుచుంటే పిల్లలు పడిపడి నవ్వారు. వాళ్ళు మమ్మును చూసి అంతగా నవ్వి ఎన్నేండ్లయిందో జ్ఞాపకము రాలేదు.

ఏజెన్సీలో మలేరియా భయము ఉంటుంది గనుక దోమతెరలు మరువకండి. తోట కాపు చూసే కొండరెడ్డి కుటుంబము పిల్లలకు బొంగులో కోడి కాల్చి పెట్టారు. అయితే మాకు ఎక్కువ గుర్తున్నది ఆ ఇంటి తల్లి చెప్పిన మాట. తిండి కరువైన రోజులలో మామిడి టెంకల లోపలి జీడి ఎండబెట్టి, నానబెట్టి, పిండి చేసి అంబలి కాచుకొనేవారమని చెప్పింది. అప్పటివరకు టెంకలు విసరికొట్టి ఆడుతున్న మా అబ్బాయి, ఆ తరువాత వాటిని ఏరి ఒక మూల కుప్ప పోశాడు. కుటుంబ ప్రార్థన చిన్నదిగా చేసుకున్నాము. ఇంటి దగ్గర మా ప్రార్థన పొడవుకు పిల్లలు నిద్రపోతారు. అక్కడ అమ్మాయే ప్రార్థించింది. పడవలో చూసిన పెద్దావిడ పేరు తెలియక, "ఆ చింతచెట్టు అమ్మమ్మ" అని ప్రభువుకు చెప్పింది.

ఇక లంకలో పండుగ. దాళ్వా కోతలైన తరువాత ఆ ప్రాంతపు సంఘములు కోత పండుగ చేస్తాయి. ఆ లంకకు వంతెన లేదు. మోటారు సైకిళ్ళు, బియ్యపు బస్తాలు, మైకు సెట్టు, పెట్రోమాక్సు కాలము నుండి ఉన్న పాత పెద్దలు, అందరూ పంటు మీదనే దాటాలి. మేము దాటుతున్నప్పుడు రేవులో ఒక చిన్న నాటుపడవ కట్టి ఉన్నది. అబ్బాయి దానిలో ఎక్కుతానన్నాడు. ఆవల ఒడ్డున పెద్దలు దండలతో నిలబడి ఉన్నారు. "మీటింగు అయ్యాక ఇక్కడికే వస్తాను, తాతగారి పడవలో తిప్పుతాను" అని చెప్పి ముందుకు నడిచాము.

ఆరాధన ఒంటిగంటకు ముగిసింది. కొబ్బరాకుల పందిరి క్రింద ప్రేమవిందు. తరువాత వేలము. అరటిగెలలు, కందదుంపలు, పసుపు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. అయ్యగారే వేలము పాడాలని పట్టుబట్టారు. కోడిపుంజు ఒక్కదానికి ఇద్దరు వియ్యంకులు పంతము పట్టి ధర పెంచుచుంటే పందిరంతా ఈలలు. మేము ఉత్సాహములో ఉన్నాము. అప్పుడు మా ఇల్లాలు జనములోనుండి వచ్చి, "అబ్బాయి మీ దగ్గర లేడా?" అన్నది.

"నీ దగ్గర ఉన్నాడనుకున్నాను."

"మీ దగ్గర ఉన్నాడనే నేను అనుకున్నాను. స్త్రీల వైపు రాలేదు."

అమ్మాయిని అడిగితే భోజనాల తరువాత తానూ చూడలేదన్నది. మూడు గంటలు దాటింది. చుట్టూ గోదావరి.

లూకా 2వ అధ్యాయము మీద మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. పండుగకు వెళ్ళిన కుటుంబము, తిరుగు ప్రయాణములో ఒక దినమంతా నడిచిన తరువాత పిల్లవాడు గుంపులో లేడని తెలిసికొన్న తల్లిదండ్రులు. పురుషులు ఒక గుంపుగా, స్త్రీలు ఒక గుంపుగా నడిచేవారని, ఒకరి దగ్గర ఉన్నాడని ఒకరు అనుకొని ఉంటారని చెప్పి, మూడు పాయింట్లుగా విభజించి, సంఘపు తల్లిదండ్రులను గద్దించేవారము. ఆ మధ్యాహ్నము ఒక్క పాయింటూ జ్ఞాపకము రాలేదు. వారు వెదకినది భక్తిహీనుల మధ్య కాదు, బంధువుల మధ్య, పండుగకు వచ్చిన భక్తుల మధ్య. మేము వెదకినదీ అక్కడే. వంటశాలలో లేడు, అరటితోటలో లేడు, బావి దగ్గర లేడు. యౌవనస్థులు నాలుగు దిక్కులకు పరుగెత్తారు. బావిలోకి తొంగి చూసినప్పుడు మా మోకాళ్ళు వణికిన సంగతి ఇక్కడ వ్రాయడానికి సిగ్గుపడము.

"రేవు" అన్నది మా అమ్మాయి. "నాన్నా, మీరు పొద్దున వానితో ఏమన్నారు?"

ఏమన్నామో మాకు గుర్తు రావడానికి సగము దారి పట్టింది.

ఆ నాటుపడవలో కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద తువ్వాలు రెండు మడతలుగా కట్టుకున్నాడు, అది లైఫ్ జాకెట్టు అట. ఎదురుగా పడవ నడిపే ముసలాయన చుట్ట ఆర్పి చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. మమ్మును చూసి లేచి, "నాన్న వస్తానన్నాడంట అయ్యగారూ, కదలనంటే కదలనన్నాడు. నీళ్ళ దగ్గర పిల్లాణ్ణి ఒక్కణ్ణే ఎట్టా వదిలి పోతాను? నేనూ కూర్చున్నాను" అన్నాడు. రెండు గంటల పైమాటే. తన బేరము మానుకొని కూర్చున్నాడు.

మా ఇల్లాలు పిల్లవాణ్ణి హత్తుకొని ఏడ్చింది. చెయ్యెత్తవలసిన కోపము మాకూ వచ్చినది నిజమే. "చెప్పకుండా ఎందుకు వచ్చావు? ఎంత వెదికామో తెలుసా?" అన్నాము. వాడు ఆశ్చర్యముగా చూశాడు. "మీరే కదా నాన్నా ఇక్కడికి వస్తానన్నారు. ఎందుకు వెదికారు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఒడ్డున నిలబడిన యౌవనస్థులను పంపివేశాము. పంచె కొంచెము పైకి తీసి పడవలో ఎక్కాము. ఇల్లాలిని, అమ్మాయిని చెయ్యి పట్టి ఎక్కించుకున్నాము. ముసలాయన గెడ అందుకున్నాడు. అబ్బాయి ఆ గెడను తానూ పట్టుకొని, తానే నడుపుతున్నట్టు పళ్ళు బిగించాడు. పొద్దు వాలుతున్నది, నీళ్ళ మీద గాలి చల్లగా తగులుతున్నది. వేలములో పుంజు ఎవరికి పోయిందో మాకు తెలియదు.

ఇంతలో పందిరి వైపునుండి మైకు వినిపించింది. సాయంకాలపు కూడిక మొదలుకాబోతున్నది, అయ్యగారు ఎక్కడ ఉన్నా వేదిక దగ్గరకు రావలెనని రెండుసార్లు పిలిచారు. ముసలాయన గెడ ఆపి మా వైపు చూశాడు. అబ్బాయి చూడలేదు. తలవంచుకొని నీళ్ళనే చూస్తున్నాడు.

"ఇంకొక చుట్టు తిప్పు బాబాయ్" అన్నాము.